దూలములోని బీట

సైనిక్‌పురిలో మా యింటి డాబాపై నిలిచి చూచినచో దూరమున మౌలాలి గుట్ట కనబడును. ఆ గుట్ట చుట్టుప్రక్కలనే స్వతంత్ర భారతమున పేరుపొందిన రెండు సంస్థలు వెలసినవి. అందొకటి 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్. జనులు దానిని ఈ.సి.ఐ.ఎల్. అని పిలుతురు. దానికి మొదటి సారథి డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారు. ఆయన పేరిట వెలసిన ఎ.ఎస్. రావు నగరము మాకు నడకదూరములోనే యున్నది. బస్సు కండక్టరు ఆ పేరు కేకవేయునపుడు అది యెవరి పేరని అడిగిన బాలుడు నాకు ఇంతవరకు ఒక్కడును తారసపడలేదు. భాభా అణుపరిశోధన కేంద్రమున రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరును 1969 ప్రాంతమున తయారుచేసి బయటికి తెచ్చినది ఈ సంస్థయే.

రెండవది 1971లో నెలకొల్పిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్. అచ్చట జిర్కోనియము కలిసిన మిశ్రలోహముతో సన్నని గొట్టములు చేయుదురు. వానిలో యురేనియము బిళ్లలు నింపి, మూతులు మూసి, కొన్ని గొట్టములను ఒక కట్టగా కూర్తురు. మన దేశమందలి 220 మెగావాట్ల రియాక్టర్లకు పోవు కట్టలో గొట్టములు 19. కట్ట పొడవు ఇంచుమించు అర మీటరు. గొట్టపు గోడలో కంటి కగపడని గీటు ఉన్నను అది పనికిరాదు. అందువలన మన చెవికి వినబడని ధ్వనితరంగములను ఆ గోడలోనికి పంపుదురు. లోపల బీట యున్నచో అచ్చటినుండి ప్రతిధ్వని తిరిగి వచ్చును. గొట్టమును కోయకుండ, విరువకుండ దాని కడుపులోని లోపమును కనుగొను ఉపాయమిది.

నేను ముప్పది యేండ్లకు పైగా తెలుగు బోధించితిని. కడపటి యేండ్లలో ప్రధానోపాధ్యాయుడనై యుంటిని. పరీక్ష యనిన నాకు తెలిసినది ప్రశ్నపత్రము, ఎఱ్ఱసిరా, మార్కుల పట్టిక. గోడలకును దూలములకును కూడ పరీక్షలుండునని, ఆ పరీక్షలలో తప్పినచో మనుష్యులు మరణింతురని నాకు 2011వ సంవత్సరపు వానకాలమున తెలిసివచ్చినది.

అప్పుడు నేను నాచారము, ఉప్పల్‌ల నడుమనున్న యొక పాఠశాలలో పనిచేయుచుంటిని. అది రెండంతస్తుల భవనము. క్రింది అంతస్తున ఎనిమిదవ తరగతి. దానిపైన తొమ్మిదవ తరగతి. ఒకనాడు ఎనిమిదవ తరగతిలో సమాసములు చెప్పుచుండగా వెనుకబల్లపై నున్న యొక బాలుడు పుస్తకము చూడక పైకప్పు వంక చూచుచుండెను.

"ఏమిరా, సమాసములు పైన వ్రాసియున్నవా?" అని అడిగితిని.

తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు లేచి, "సార్, దూలము మీద గీత యున్నది. పోయినవారము ఇంత లేదు" అనెను.

నేను తల యెత్తి చూడనైనను చూడలేదు. మారుమాట చెప్పినాడను కోపముతో వానిని బల్లపై నిలువబెట్టితిని. ఆ గంట ముగియువరకు వాడు ఆ గీతకు మరింత దగ్గరగా నిలిచియుండెను.

ఆ వారమున వానలు విడువక కురిసినవి. సోమవారము ఉదయము గది తలుపు తీసినపుడు కొబ్బరికాయంత సున్నపు పెళ్ల యొకటి వెనుకబల్లపై పడియుండెను. అది ఆ బాలుడు కూర్చుండు చోటు. ఆదివారము గనుక సరిపోయినది. అప్పుడు తల యెత్తి చూచితిని. దూలము అడుగున, ఎడమ గోడకు సుమారు రెండు మీటర్ల దూరమున, అడ్డముగా బీట కనబడెను. పోస్టుకార్డు అంచు అందులో దూరెను.

తరగతిని వేపచెట్టు క్రిందికి మార్చితిని. పైయంతస్తు గదిని కూడ తాళము వేయించితిని. పాఠశాల వ్యవహారములు చూచు పెద్దలలో నొకరు వచ్చి, "ఇంతమాత్రమునకు తరగతులు మాన్పవలయునా? మేస్త్రీని పంపెదను. సిమెంటు పూసి సున్నము కొట్టినచో బీట కనబడదు" అనిరి. బీట కనబడకుండుట వేరు, లేకుండుట వేరు అని నేను చెప్పితిని. చెప్పితినే గాని, ఆ బీట ఎంతటి ప్రమాదమో నాకును తెలియదు. పిల్లలను ఎన్నాళ్లు చెట్టుక్రింద నుంచగలను? ఊరకే భయపడుచున్నానేమో యను సంశయము రాత్రులందు నన్ను బాధించెను.

అంతకు పూర్వము మరియొక పాఠశాలలో నాయొద్ద చదివిన యొక అమ్మాయి భవననిర్మాణ శాస్త్రమున ఇంజనీరై నగరమందే యుండెను. కబురు పంపగా మరునాడే వచ్చినది. ఆమె మొదట చేసిన పని మిక్కిలి చిన్నది. బీటకు అడ్డముగా సన్నని గాజుముక్కను రెండు కొసలయందు అంటించినది. "సార్, గాజు పగిలినచో బీట ఇంకను పెరుగుచున్నదని తెలియును. పగులకున్నచో అది పాతబడి నిలిచిపోయినదని అర్థము" అనెను. పది దినములలో గాజు పగిలెను.

పాత పెట్టెలు వెదకి భవనపు నక్షాలను తీసితిమి. ఆమె వానిని చూచి, దూలపు పొడవు, వెడల్పు, లోతు, లోపలి ఇనుపకడ్డీల లెక్క తన చిన్న కంప్యూటరులో చేర్చినది. ఏమి చేయుచున్నావని అడిగితిని.

"సార్, మన ఇండ్లముందు చుక్కల ముగ్గు పెట్టుట చూచితిరి గదా? ఇదియు అట్టిదే. దూలమంతటను చుక్కలు పెట్టుచున్నాను. చుక్కలను గీతలతో కలిపినచో దూలము చిన్న చిన్న ముక్కలుగా విడిపోవును. దూలమంతయు ఒక్కసారి ఎట్లు వంగునో చెప్పుట కష్టము. ఒక్క చిన్న ముక్క ఎట్లు వంగునో చెప్పుట తేలిక. ప్రతి ముక్కకు లెక్కవేసి, ప్రక్కముక్కతో అది కలియు చుక్కయొద్ద రెండును సమానముగా కదలవలెనను నియమము పెట్టినచో, వేల సమీకరణములు పుట్టును. వానిని సాధించుట యంత్రము పని."

దీనిని ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి యందురు. విమానముల కట్టుబడి ఎంత దృఢమైనదో లెక్కించుటకై టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలుగురు 1956లో ప్రకటించిన వ్యాసముతో ఇది వెలుగులోనికి వచ్చెను. 1960లో క్లఫ్ దానికి ఆ పేరు పెట్టెను. ఆమె తన సంచిలోనుండి తీసి చూపిన పాఠ్యగ్రంథము మాత్రము మనవాడు వ్రాసినది. ఓరుగల్లున పుట్టి, ఉప్పల్‌కు కూతవేటు దూరమున నున్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1968లో ఇంజనీరింగు పట్టము పొంది, అమెరికాలో ఆచార్యుడైన జె.ఎన్. రెడ్డిగారు 1984లో ప్రకటించిన గ్రంథమది. లోకమందలి అనేక విశ్వవిద్యాలయములలో విద్యార్థులు దానిని చదివిరి.

కంప్యూటరు తెరపై మా దూలము రంగురంగులుగా కనబడెను. ఒత్తిడి ఎక్కువైనచోట ఎఱుపు, తక్కువైనచోట నీలము. ఎఱుపెచ్చటను లేదు. దూలము క్షేమముగా నున్నదని యంత్రము చెప్పెను. నేను సంతోషించితిని. ఆమె సంతోషింపలేదు.

"సార్, ఇది కాగితము మీది దూలమును గూర్చి చెప్పిన మాట. గదిలోని దూలము పగిలియున్నది. రెంటిలో నొకటి అబద్ధము కావలెను. పగులు అబద్ధము కాదు."

మరునాడు ఆమె రెండు పరికరములు తెచ్చినది. ఒకటి కాంక్రీటుపై ఆనించినచో లోపలి ఇనుపకడ్డీ జాడ తెలుపును. రెండవది ధ్వనితరంగము కాంక్రీటులోనుండి ఎంత వేగముగా పోవునో కొలుచును. మంచి కాంక్రీటులో ఆ వేగము సెకనుకు మూడున్నర కిలోమీటర్లకు పైన నుండును. లోపల గుల్లయైనచో తగ్గిపోవును. నాకు ఫ్యూయల్ కాంప్లెక్స్ గొట్టములు గుర్తుకు వచ్చినవి. మా దూలమునందు కాంక్రీటు చెడ్డది కాదు. కడ్డీలే మోసము చేసినవి. నక్షాలో అయిదు కడ్డీలు అడుగున గోడనుండి గోడవరకు పోవలెను. ఆమె సుద్దముక్కతో ఒక్కొక్క కడ్డీ జాడను దూలముపై గీయుచు పోగా, రెండు కడ్డీలు ఎడమ గోడ చేరకమునుపే నిలిచిపోయెను. అవి ఆగినచోటనే బీట మొదలయ్యెను. కట్టిననాడు ఇనుము చాలలేదో, మిగుల్చుకొనిరో, అజాగ్రత్తయో! ఇరువది యేండ్లుగా సున్నము దానిని కప్పియుంచెను.

ఈ కొత్త కొలతలను చేర్చి లెక్క మరల వేయగా, తెరపై ఎఱుపురంగు సరిగా బీట యున్నచోటనే వెలిగెను. అది చూచినపుడు నాకు ఒడలు జలదరించినది.

గీతను మొట్టమొదట చూచినవాడెవరని ఆమె అడిగెను. జరిగినది దాచక చెప్పితిని. ఆమె కొంతసేపు మాటాడక, తరువాత ఒక విమానపు కథ చెప్పినది. 1988వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీన హవాయి దీవులలో అలోహా అను సంస్థవారి బోయింగు విమానము 95 మందితో పోవుచుండెను. ఇరువదినాలుగువేల అడుగుల యెత్తున దాని పైకప్పు సుమారు అయిదున్నర మీటర్ల పొడవున ఊడి గాలిలో కలిసిపోయెను. ప్రయాణికుల నెత్తిపై ఆకాశము తప్ప మరేమియు లేదు. పైలట్లు ధైర్యముతో దానిని దింపిరి; కాని సేవిక యొకతె మరణించెను. ఆ విమానము పందొమ్మిదేండ్లది. అప్పటికి 89,680 సార్లు ఎగిరినది. ఎగిరిన ప్రతిసారి లోపలి గాలి ఒత్తిడికి దాని తొడుగు కొంచెము ఉబ్బి, దిగినపుడు కొంచెము తగ్గును. రివెట్ల రంధ్రములయొద్ద వెండ్రుకవంటి బీటలు అనేకములు పుట్టినవి. ఒక్కొక్కటి విడిగా చూచిన చిన్నది. అవి ఒకదానితో నొకటి కలిసినపుడు కప్పే లేచిపోయెను. విమానము ఎక్కునపుడు ఒక ప్రయాణికురాలు తలుపు దాపున తొడుగుపై పొడవైన బీట చూచినది. ఆమె ఎవరికిని చెప్పలేదు.

"ఆమె చెప్పలేదు సార్, మీ బాలుడు చెప్పినాడు" అని నా శిష్యురాలనెను. నేను తల వంచుకొంటిని.

ఆ ప్రమాదము తరువాత ముసలి విమానముల పరీక్షావిధానమే మారినదట. బీటలు ఎంత వేగముతో ప్రాకును, ఎన్ని ప్రయాణముల కొకసారి వెదకవలెను అనునది కంప్యూటరు లెక్కలతో నిర్ణయించుటకై అమెరికాలో గొప్ప ప్రయత్నము జరిగెను. అందులో ముఖ్యులలో నొకరు మన గుడివాడలో 1945లో జన్మించిన అట్లూరి సత్యనాథముగారు. జార్జియా టెక్ విద్యాసంస్థలో ఆచార్యులై, విమానపు తొడుగులలో బీటలు పెరుగు తీరును గణించు పద్ధతులను రూపొందించిరి. 2013లో భారత ప్రభుత్వము వారికి పద్మభూషణ్ బిరుదమిచ్చెను. లెక్క పరీక్షకు కాలమును, చోటును చూపును. పరీక్షలో దొరికినది మరల లెక్కను దిద్దును. మా దూలమునందు జరిగినదియు నదియే గదా అని ఆలోచించితిని.

ఇక మరమ్మతు మిగిలియుండెను. ఇచ్చట నేను మరియొక విద్యను చూచితిని. ఒక పనిని చేయుటకు నూరు మార్గములున్నపుడు అందులో మేలైనదానిని లెక్కతో వెదకుటయే ఆ విద్య. ఆమె దానికొక చిన్న యుదాహరణము చెప్పినది. 30 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని దుంగనుండి బలమైన దూలమును కోయవలెననుకొందము. చదరముగా కోసినచో ఒక్కొక్క ప్రక్క 21 సెంటీమీటర్లు వచ్చును. కాని దూలపు బలము వెడల్పుతో ఒకమారు, లోతుతో రెండుమారులు గుణించిన లెక్కను బట్టి పెరుగును. కనుక వెడల్పు 17, లోతు 24½ ఉండునట్లు కోసినచో అదే దుంగనుండి వచ్చిన దూలము నూటికి తొమ్మిది వంతులు ఎక్కువ బలమైనదగును. దుంగ పెరుగలేదు; కోత మారినది. మీరును ఉపాధ్యాయుని సహాయముతో ఈ లెక్క వేసి చూడుడు.

మా గదికి ఆమె అట్టి వెదకులాటయే చేసినది. ఎచ్చట స్తంభము నిలుపవలెను, ఎంత మందమైన ఇనుపదూలము వేయవలెను, ఇనుము ఎంత తక్కువతో పని జరుగును? వందలకొలది కూర్పులను యంత్రము ఒక్క రాత్రిలో వేసి చూచినది. తెల్లవారుసరికి సమాధానము వచ్చెను: గది నట్టనడుమ ఒక్క ఇనుపస్తంభము. ఇనుము అన్నిటికంటె తక్కువ. ఖర్చు అన్నిటికంటె తక్కువ. మా పెద్దలు ఆనందించిరి.

నేను గదిలోనికి పోయి వెనుకబల్లపై కూర్చుండి చూచితిని. నట్టనడుమ స్తంభమున్నచో నల్లబల్లలో మూడవవంతు కనబడదు. ఆ సంగతి చెప్పగా ఆమె నవ్వి, "యంత్రము తప్పు చెప్పలేదు సార్. ఇనుము తగ్గవలెనని మాత్రమే నేను అడిగితిని. పిల్లలకు నల్లబల్ల కనబడవలెనని అడుగలేదు. దానికి పిల్లలు లేరు గదా!" అనెను.

ఆ సాయంకాలము మేమిద్దరమును 48 మంది పిల్లల చోట్లను కొలిచితిమి. ప్రతి చోటునుండి నల్లబల్ల నాలుగు మూలలకు పోవు చూపును ఏ స్తంభమును అడ్డగింపరాదను నియమమును ఆమె లెక్కలో చేర్చినది. ఈమారు వేరు సమాధానము వచ్చెను: రెండు స్తంభములు రెండు గోడలను అంటి, వానిపై పాత దూలమునకు అడుగున ఒక ఇనుపదూలము. ఇనుము ఇంచుమించు మూడింతలైనది. ఖర్చు వినగానే మా పెద్దలు ముఖములు చిట్లించిరి. మూడు సభలు జరిగినవి. నేను ఇచ్చటి వాదములన్నియు వ్రాయను. చివరకు తల్లిదండ్రులు కొందరు ముందుకు వచ్చి తలా కొంత వేసికొనిరి. దసరా సెలవులలో పని ముగిసెను.

అయినను ఆమె గదిని నాకు అప్పగింపలేదు. బరువు పరీక్ష మిగిలినదనెను. తరగతి గది నేల చదరపు మీటరుకు సుమారు మూడువందల కిలోల బరువు మోయునట్లు లెక్కింతురు. పరీక్షకు దానిపై నాలుగవవంతు ఎక్కువ పెట్టి, ఇరువదినాలుగు గంటలు ఉంచి, తీసివేయవలెను. దూలము కొంత వంగును. అది దోషము కాదు. బరువు తీసిన తరువాత మరి ఇరువదినాలుగు గంటలలో వంగినదానిలో నూటికి 75 వంతులైనను తిరిగి లేవవలెను. లేవనిచో దాని లోపల ఏదియో తెగినదన్నమాట.

మా గది 42 చదరపు మీటర్లు. పైయంతస్తుపై ఇసుక బస్తాలు, బస్తా 50 కిలోల చొప్పున 320 ఎక్కించిరి. అనగా పదునారు టన్నులు! ఎట్టి అపాయము కలిగినను ఆపునట్లు క్రింద రెండు వ్రేళ్ల ఎడముతో సర్వీకర్రలు నిలిపిరి. దూలము అడుగున గడియారమువంటి కొలపరికరము పెట్టిరి. గదిలోనికి ఎవరును పోరాదు. వసారాలో ముక్కాలిపీటపై దుర్భిణియొకటి నిలిపి, దానితో ముల్లును చూడవలెను. దూలము రెండుమిల్లీమీటర్లకు కొంచెమెక్కువ వంగునని, సరిగా చెప్పవలెనన్న 2.1 అని, ఆమె కంప్యూటరు ముందుగానే చెప్పియుండెను. బస్తాలన్నియు ఎక్కిన మరునాడు చూడగా 2.4 అని తేలినది. ఆ స్వల్పభేదమునకు ఆమె అలుక వహించి, చాలసేపు కాగితములు తిరుగవేసినది. నాకు మాత్రము ఆ భేదము చూచి నమ్మిక కుదిరినది. సరిగ్గా అదే అంకె వచ్చియున్నచో ఎవరో దిద్దిరనుకొందును!

బస్తాలు దించిన మరునాడు దసరా సెలవులలో కడపటి దినము. ఉదయము నేను పాఠశాలకు పోవుచు దారిలో ఆ బాలుని యింటియొద్ద ఆగితిని. వాని తండ్రి నాచారము పారిశ్రామికవాడలో పనిచేయువాడు. నన్ను చూచి కొడుకు ఏదియో తప్పు చేసినాడని కంగారుపడెను. "తప్పు వానిది కాదు, నాది" అని వాని యెదుటనే చెప్పి, బాలుని వెంటబెట్టుకొని వచ్చితిని. దారిపొడవునను వాడు మాటాడలేదు, నేనును మాటాడలేదు.

వసారాలో ఆమె దుర్భిణిని సరిచేసి ప్రక్కకు తొలగెను. నాకు కండ్ల జోడుతో ముల్లు మసకగా కనబడుచుండెను. "నీవు చూడు నాయనా" అంటిని. వాడు మునివ్రేళ్లపై నిలిచి, ఒక కన్ను మూసి, చాలసేపు చూచెను. తొందరపడలేదు. మరల చూచి నిశ్చయించుకొనెను.

"సున్న చుక్క మూడు, సార్."

2.4 వంగి 2.1 తిరిగి లేచినది. నేను హాజరుపట్టీ వెనుక ఆ అంకె వ్రాసి, దాని క్రింద తేదీ వేసి, చూచినవాని పేరు వ్రాసికొంటిని.